మందుల మోటారు మెట్టు

ఊరి పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్లు నా మీద పడతారు. చెప్పకపోతే చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా మా ఊరి కథే రాశావని పడతారు. రెండోదే నయం. గురజాలలో రైలు దిగి దాచేపల్లి బాట పట్టి పోతుంటే, నాపరాళ్ల గోడలూ పత్తి చేలూ దాటాక వస్తుంది. అంతవరకు తెలిస్తే చాలు.

ఆ ఊరి మొదట్లో, బాట పక్కన, యుద్ధం రోజుల్లో ఒక మోటారు ఆగిపోయింది. చెడిపోయి కాదు, పెట్రోలు లేక. ఎక్కడో బర్మాలో జపానువాడు దిగాడని ఇక్కడ పల్నాట్లో కూపన్లు ఆపేశారు. లోకం తీరే అంత. ఎద్దు ఈనిందంటే దూడని కట్టేయమన్నట్టు ఎవరో ఏదో అంటారు, ఎక్కడో ఎవరి బతుకో రాటకి కట్టేస్తారు.

అది మిషను వారి మందుల మోటారు. ఒక దొరసాని లారీ చట్రం తెప్పించి, దాని మీద వడ్రంగుల చేత చెక్క గది కట్టించింది. లోపల గోడకి మడిచిపెట్టే మంచం, అద్దాల బీరువా, తిప్పితే నీళ్లొచ్చే కొళాయి, కిటికీలకు పూల తెరలు. ఊళ్లు తిరుగుతూ మందులిస్తూ అందులోనే పడుకునేది. జనం దాన్ని ఇల్లుమోటారు అనేవాళ్లు. వెనక తలుపు, తలుపు కింద రెండు ఇనపచేతుల మీద ఒక చెక్క మెట్టు. ఆ మెట్టు లేకపోతే తలుపు మనిషి నడుము ఎత్తున ఉంటుంది, ముసలీ ముతకా ఎక్కలేరు.

దొరసాని ఓడెక్కి తన దేశం పోయింది. డ్రైవరు దావూద్ మిలిటరీ లారీలు తోలటానికి పోతూ, "అమ్మా, ఈ సామాన్ల డబ్బా జాగర్త, నట్లు బిగించే పానాలు దొరకడం లేదు బజార్లో" అని చెప్పి సీటు కింద డబ్బా పెట్టి పోయాడు. నర్సు కృపామణి మిగిలింది. మోటారు వదలొద్దు, బీరువా తాళం చేయి ఎవరికీ ఇవ్వొద్దు, యుద్ధం కాగానే వెనక్కి తెప్పిస్తాం అని మిషను వాళ్లు ఆమెకి కబురు పెట్టారు. యుద్ధం ఎప్పుడయ్యేదీ చేసేవాళ్లకే తెలియదు, మిషను వాళ్లకేం తెలుసు?

కృపామణి సొంత ఊరు నాదెండ్ల పక్కన ఒక పల్లె. తండ్రి జక్కయ్య కూలికి పోయేవాడు. అతనూ అతని భార్యా ఒక్క కలరాలోనే పోతే పిల్లని మిషను బోర్డింగు వాళ్లు పెంచారు, చదివించారు, నర్సుని చేశారు. పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు, ఎత్తాల్సిన వాళ్లు లేరు గనుక. తెల్ల చీర, కాళ్లకి బూట్లు, సన్నగా పొడుగ్గా ఉండే మనిషి. మాట మెత్తన. అంత మెత్తగా మాట్లాడితే మా పల్నాట్లో సగం మందికి వినపడదు.

ఊరికి ఆమె పల్లె మనిషి, అంటే ఊరవతల అంటరానివాళ్ల వాడ మనిషి. పల్లెకి ఆమె దొరల మనిషి. ఇదీ ఆమె బాధ, ఇంకోటి లేదు. జీతం అందుతూనే ఉంది, జొన్నలు దొరుకుతూనే ఉన్నాయి. ఆదివారం పూట ఊరవతల పల్లెలో ప్రార్థనకి పోయేది. పల్లెలో అందరికీ కలిపి ఒకటే కుర్చీ. దేవమ్మ అనే ఆవిడ ఆ కుర్చీని కొంగుతో తుడిచి తెచ్చి వేసేది. అందరూ ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని చాప మీద కూర్చుంటే ఈమె ఒక్కతే కుర్చీలో. "నేనూ చాప మీదే కూర్చుంటాను దేవమ్మా" అంటే, "ఎంతమాట నర్సమ్మగారూ, మీ తెల్లచీర మాసిపోదూ?" అనేది. చీర తెల్లగా ఉన్నందుకు ఆమెకి ఒళ్లుమండేది.

ఊళ్లోవాళ్లతో ఇంకో రకం. దొరసాని ఉన్నప్పుడు ఆ మోటారు మెట్టెక్కనివాళ్లు లేరు. జ్వరమున్నా లేకపోయినా ఎక్కేవాళ్లు. మంచం మడత పెట్టించి చూసేవాళ్లు, కొళాయి తిప్పి చూసేవాళ్లు, దొరసాని విసుక్కుంటే నవ్వేవాళ్లు. దొరసాని పోయాక ఎవరూ ఎక్కలేదు. సరిగ్గా ఆ నెలల్లోనే మెట్టు వదులైంది. గతుకుల బాటల్లో తిరిగి తిరిగి, కింద దూలానికి బోల్టు పట్టిన చోట కన్నం పెద్దదైపోయింది. దావూద్ తీగతో కట్టి పోయాడు, ఆ తీగ కూడా సాగిపోయింది. కుడిచేతి పక్క మెట్టు వాలి, కాలు పెడితే ఊగేది. అందుకని జనం కిందే నిలబడి, "మెట్టు ఊగుతుందిలే నర్సూ, ఇక్కడే ఉంటాం" అనేవాళ్లు. కృపామణి ఆ మాట నమ్మింది. నమ్మకేం చేస్తుంది? ఒంటరిగా ఉన్న మనిషికి రెండు కారణాల్లో తీపిగా ఉన్నదే నిజం.

ఇక్కడ మా వాళ్ల ఆచారం ఒకటి చెప్పాలి. పల్లెవాళ్ల దగ్గర ఊరివాళ్లు దేన్నీ చేతిలోంచి చేతిలోకి తీసుకునేవాళ్లు కారు. దించిపెట్టు అనేవాళ్లు. అవతలివాళ్లు కింద పెట్టి వెనక్కి జరిగితే, అప్పుడు తీసుకునేవాళ్లు. అయితే మందు సంగతి వేరు. మందు నేల తాకితే దాని గుణం భూమి లాగేసుకుంటుందని పసరు వైద్యుల మాట. ఆకుమందుకి పెట్టిన ఆ నియమం మిషను మందుకీ పెట్టుకున్నారు మావాళ్లు. కాబట్టి మందు నేల మీద పెట్టకూడదు. మెట్టు మీద పెడదామంటే వాలుగా ఉంది, సీసా దొర్లి కింద పడుతుంది. ఇంక దారేముంది? చేయి చాపాల్సి వచ్చింది. మందు కోసం చాపిన చేతికి అంటు లేదులే అని తమకి తామే చెప్పుకుని చాపారు. ఇంటికి పోయి చెంబెడు నీళ్లు పోసుకునేవాళ్లేమో, కృపామణికి కనపడలేదు.

వాళ్లలో పెద్దింటి చెన్నమ్మ ఒకతి. డెబ్బై దాటిన మనిషి, చేతికర్ర, గట్టి గొంతు. నోటికి అడ్డూ అదుపూ లేదు. రోజు విడిచి రోజు చలిజ్వరం. కొయినా మందు దొరక్క ఆ రోజుల్లో పచ్చబిళ్లలు వచ్చేవి, మింగితే ఒళ్లు పసుపు రాసినట్టయ్యేది. కోడలు వాటిని సరిగ్గా లెక్కపెట్టి ఇవ్వదని చెన్నమ్మకి అనుమానం. అందుకని ఏ పూటకాపూట తనే వచ్చి తీసుకుపోయేది.

"ఏమే నర్సూ, ఉన్నావంటే?" అని బాట మీద నుంచే కేకేసేది.

"ఎక్కడికి పోతాను అవ్వగారూ? చక్రాలుండీ పోలేనిదాన్ని."

"నీ మోటారూ నా మోకాళ్లూ ఒకటేనే. ఉండటానికైతే ఉండయ్, నడిస్తే గదా."

కృపామణి తలుపులో గొంతుక్కూర్చుని బిళ్ల పొట్లం కట్టి, కిందికి వంగి ముసలామె అరచేతిలో పెట్టేది. ఆ చేయి మిరపకాయలు తొడిమలు తీసీ తీసీ గరుకెక్కిన చేయి. జ్వరం రోజున కాలిపోతూ ఉండేది, మామూలు రోజున చల్లగా ఉండేది. కృపామణి మణికట్టు పట్టుకుని నాడి చూసేది. నాడి చూడటానికి ఎంతసేపు పడుతుందో చెన్నమ్మకి తెలియదు. కృపామణి ఆ తెలియనితనాన్ని కొంచెం వాడుకునేది, అంతే.

ఆ సేపట్లోనే చెన్నమ్మ ఊరంతా చెప్పేది. కోడలు ఉప్పెక్కువేసిన సంగతి, పత్తికి పురుగు పట్టిన సంగతి, నరసింహారావు మునసబు కొత్త చెప్పులు కరిచి కుంటుతున్న సంగతి. చివరికి ఒకనాడు అంది, "ఎక్కి కూచుందామంటే ఈ మెట్టు చూడు, గొడ్డు తోక లాగా ఊగుతోంది. ఈ వయసులో కాలిరిగితే ఎవడు చూస్తాడు? బాగు చేయించరాదంటే?"

కూచుందామంటే. ఆ ఒక్క మాట కృపామణి ఆ పూటంతా నమిలింది. అన్నం కూడా దానితోనే తిన్నట్టుంది.

ఆ వారంలోనే ఆమె నీళ్ల బిందెతో ఎక్కుతుంటే దావూద్ కట్టిన తీగ పుటుక్కున తెగి మెట్టు ఒక పక్కకి కూలింది. మోకాలు చెక్కుకుపోయింది, బిందె సొట్టపోయింది. ఆమెకి కోపం రావాల్సింది, సంతోషం వచ్చింది. ఇంక బాగు చేయించక తప్పదు గదా!

ఊరి కమ్మరి బసవయ్యకి అంతకు ముందే కొలిమి నిప్పు పడి ముంజేయి బొబ్బలెక్కితే ఈమె మలాం ఇచ్చింది. అది మనసులో ఉండి, పిలవగానే వచ్చాడు. తువాలు పరుచుకుని మోటారు కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాడు. కింద నుంచే మాట్లాడాడు.

"కన్నం కాదమ్మా ఇది, గుమ్మం. ఇందులో బోల్టేంది, నా బొటనేలు పెట్టినా నిలవదు."

"మరి ఎట్లా బసవయ్యా?"

"ఎట్టా ఏంది, నేను లేనూ? దూలానికి అటొక ఇనప బిళ్ల, ఇటొక ఇనప బిళ్ల. మధ్యలో బోల్టు. అప్పుడు నట్టు చెక్కని పట్టదు, ఇనుముని పట్టుద్ది. చెక్క అలిసిపోద్ది గాని ఇనుము అలిసిపోదు."

యుద్ధం వల్ల బజార్లో ఇనుము లేదు. యల్లమంద అనే రైతు బండిచక్రం విరిగితే దాని పట్టా తన కొలిమి దగ్గర పడి ఉందని, అందులోంచి రెండు బిళ్లలు కోసి కన్నాలు పొడుచుకొచ్చాడు. బోల్టూ నట్టూ దావూద్ డబ్బాలో దొరికాయి, పానా కూడా అందులోదే. పాత మెట్టు చెక్క పుచ్చిపోయిందని అవతల పారేసి, ఇంటి అటక మీది నుంచి నల్లతుమ్మ చెక్క ఒకటి తెచ్చాడు.

"మా నాయన దాచిన చెక్కమ్మా ఇది. నా పెళ్లికి ముందు నుంచీ ఆరుతోంది. నాకు మనవడు పుట్టాడు, ఇంకా ఆరుతోంది. రాయి కంటే గట్టిది," అని వేలితో మోగించి చూపించాడు.

సాయంత్రానికి పని అయింది. పానాతో నట్టు కిర్రుమనేదాకా బిగించి, లేచి దుమ్ము దులుపుకుని, మెట్టెక్కి రెండు కాళ్లతో ఎగిరాడు. మోటారు కదిలింది గాని మెట్టు కదల్లేదు. "ఇంక ఏనుగొచ్చినా ఎక్కొచ్చు," అన్నాడు. అక్కడి నుంచి లోపలికి తల పెట్టి చూశాడు. కృపామణి, "కూర్చో బసవయ్యా, కాస్త సేద తీరు," అంది. అతను వెంటనే దిగిపోయి, "నాకేం పనమ్మా లోపల? మెట్టు పని మెట్టుతో సరి," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆమె పని తొందరలో ఉన్నాడనుకుంది.

మర్నాడు చెన్నమ్మ రోజు. పొద్దున్నే లేచి కృపామణి మోటారంతా కడిగింది. తెరలు ఉతికి ఆరేసి మళ్లీ తగిలించింది. ముసలామె మంచం మీద కూర్చోవటానికి మొహమాటపడుతుందేమోనని దేవమ్మని అడిగి కొత్త చాప తెచ్చి పరిచింది. పల్లె చాప అని ఏమన్నా అనుకుంటుందేమోనని మళ్లీ తీసేసి మంచం మీద తెల్ల దుప్పటి వేసింది. మంచినీళ్లు ఇవ్వకూడదని తెలుసు, అందుకని ఆ ఆలోచనే పెట్టుకోలేదు. కూర్చుంటే చాలు. కూర్చుని ఆ కోడలి ఉప్పు సంగతి ఇంకోసారి చెబితే చాలు. కొళాయి మెరిసేదాకా తోమి పెట్టింది, ముసలామె తిప్పి చూసుకోవటానికి.

చెన్నమ్మ వచ్చింది. మెట్టు ముందు ఆగి చేతికర్రతో రెండుసార్లు కొట్టి చూసింది. మోగిన మోతకి మొహం విప్పారింది.

"బసవయ్య చేశాడంట గదా! ఊరంతా చెప్పుకుని తిరుగుతున్నాడు. బాగుందే, చానా బాగుంది. బండరాయి లాగా నిలబడింది."

కృపామణి తలుపు రెండో రెక్క కూడా తీసింది. ఒక పక్కకి ఒదిగి నిలబడి, "రండి అవ్వగారూ, ఎక్కండి, నా చేయి పట్టుకోండి," అంది.

చెన్నమ్మ ఆ చేతి వంక చూసింది, లోపల దుప్పటి వంక చూసింది.

"ఎక్కటమేందే?"

"కూర్చుందామన్నారు గదా అవ్వగారూ, మెట్టు బాగైతే."

"అన్నానంటే? ఏదో మాటవరసకి అనుంటాలే. లోపల ఏముందని, దొరసాని ఉన్నప్పుడు చూశా గదా. అప్పుడంటే దొరసాని ఉండె." అని, కోపమేమీ లేకుండా, పని గుర్తొచ్చిన దానిలాగా, "బిళ్ల తెచ్చావా? ఇదిగో, దీని మీద పెట్టు. ఇన్నాళ్లూ చానా ఇబ్బందైంది. ఇప్పుడు మందు పెట్టటానికి చోటు కుదిరింది," అంది.

కృపామణికి మొదట అర్థం కాలేదు. పొట్లం పట్టుకుని వంగి ఎప్పటిలాగే చేయి చాపింది. చెన్నమ్మ చేతికర్రతో మెట్టు చూపించింది. "అక్కడ, అక్కడ." కృపామణి పెట్టింది. "కాస్త ఇవతలికి జరిపి నువ్వు వెనక్కి పో," అంది. ఆమె వెనక్కి పోయింది. చెన్నమ్మ పొట్లం తీసుకుని కొంగున ముడేసుకుని, "జ్వరం తగ్గిందే, పచ్చబిళ్ల మంచిదే," అని బాట పట్టింది. పాపం ఆ ముసలిదాన్ని అనటానికి కూడా ఏమీ లేదు. ఆమెకి తను చేసింది తప్పని తెలియదు. తెలియకపోవటమే మా ఊళ్ల గొప్పతనం.

ఆ పూట తరవాత అందరూ అంతే. పిల్ల తల్లులు, పొలం నుంచి వచ్చే మగవాళ్లు, మునసబు పంపిన పాలేరు, అందరూ మెట్టు చూసి బసవయ్యని మెచ్చుకున్నారు, మందు దాని మీద పెట్టించుకున్నారు. బొబ్బల మలాం కోసం బసవయ్యే వచ్చి, తను చేసిన మెట్టు వంక గర్వంగా చూసుకుంటూ, "అట్టా పెట్టమ్మా దాని మీద," అన్నాడు. ఎవరూ ఆమెని నొప్పించాలని చేసింది కాదు. అందరికీ సుఖంగా ఉంది. దొంగకి తాళం చేయి ఇచ్చినట్టు, తన మీదికి వచ్చేదాన్ని తనే పిలిచి చేయించుకుంది కృపామణి.

ఆమె మెల్లగా ఒక సంగతి గమనించింది. రోజంతా ఎవరో ఒకరు వస్తున్నారు, పోతున్నారు, మాట్లాడుతున్నారు. అయినా మనిషి ఒళ్లు తనకి తగలడం లేదు. పల్లెలో దేవమ్మ కుర్చీని ముట్టుకుంటుంది గాని ఆమెని ముట్టుకోదు. ఇన్నాళ్లూ ఆ వాలిన మెట్టు పుణ్యాన చేతులు తగిలేవి. చెమట చేతులు, మట్టి చేతులు, చంటిపిల్లల తల్లుల పాలవాసన చేతులు. వాటి మీదే తను బతికిందని ఆమెకి అప్పుడు తెలియదు. అన్నం ఉన్నన్నాళ్లూ ఆకలి సంగతి తెలియనట్టే. ఒకనాడు తన ఎడమచేతిని తనే కుడిచేత్తో పట్టుకుని కూర్చుని ఉండటం చూసుకుని ఆమెకి భయమేసింది. ఆ తరవాత ఏడుపొచ్చింది. మోటారులో ఏడ్చినా బయటికి వినపడదు, దొరసాని అంత గట్టిగా కట్టించింది.

ఇంకో వారం ఓర్చుకుంది. ఆ తరవాత ఒక మిట్టమధ్యాహ్నం, ఎండకి కుక్కలు కూడా గోడవార చేరిన వేళ, సీటు కింద డబ్బా తీసింది. పానా తీసుకుంది. బూట్లు విప్పేసి, తెల్ల చీర కుచ్చెళ్లు బిగించి, నేల మీద వెల్లకిలా పడుకుని మోటారు కిందికి జరిగింది. నేల కాలుతోంది. బసవయ్య బిగించిన నట్టు ఒక పట్టాన తిరగలేదు. రెండు చేతులతో లాగింది, మోకాలు ఆనించి లాగింది. నట్టు కిర్రుమంది. ఇంకొంచెం తిప్పింది. ఇంకొంచెం. కుడిచేతి పక్క మెట్టు రెండు వేళ్లు కిందికి దిగింది.

బయటికి వచ్చి ఒక ఖాళీ సీసా మెట్టు మీద నిలబెట్టింది. సీసా కాసేపు ఆలోచించి, పక్కకి ఒరిగి, దొర్లి, దుమ్ములో పడింది. మళ్లీ పెట్టింది. మళ్లీ పడింది. ఆమె నవ్వింది. ఎంత కాలానికి నవ్విందో, మొహానికి కూడా అలవాటు తప్పినట్టుంది. నవ్వుతూనే లోపలికి పోయింది. పానా సంగతి మరిచిపోయింది.

మర్నాడు చెన్నమ్మ చేతికర్ర వేసిన దెబ్బకి మెట్టు గడగడలాడింది.

"అదేందే! నిన్నగాక మొన్న బాగుచేశాడు గదా?"

"ఏమో అవ్వగారూ, మళ్లీ వదులైంది," అంది కృపామణి. అబద్ధం ఆడటం అలవాటు లేని మనిషి, చెవులు ఎర్రబడ్డాయి.

"వాడి చేతులు విరిగిపోను! ఊరంతా డప్పు కొట్టుకున్నాడే, ఏనుగెక్కుద్దని! కోడి కూడా ఎక్కేట్టు లేదు." అని, బాట మీద పోయే ఒకతన్ని పిలిచి, "ఒరేయ్, ఆ బసవయ్యని ఉన్నపళాన రమ్మను," అని కేకేసింది.

ఈ సంగతి కృపామణి అనుకోలేదు. తన చేయి గురించే అనుకుంది గాని, బసవయ్య పేరు గురించి అనుకోలేదు. కమ్మరికి చేతి పని మీద మాటొస్తే అది మామూలు మాట కాదు. రేపు బండి పట్టా వేయించుకునే వాడు కూడా, మోటారు మెట్టు వేసినట్టేస్తావేమో అంటాడు. "వద్దులే అవ్వగారూ, ఎండలో అతన్నెందుకు," అంది. చెన్నమ్మ వింటేగా.

బసవయ్య చిందులు తొక్కుతూ వచ్చాడు. "నా పనికి వంక పెట్టినోడు ఇప్పటిదాకా పుట్టలేదు. వదులవటమేంది?" అని తువాలు నేలకేసి కొట్టి మోటారు కిందికి దూరాడు.

బసవయ్య ఎంతకీ బయటికి రాలేదు. కృపామణి తలుపు పట్టుకుని నిలబడింది. నట్టు తనకి తాను ఊడలేదని కమ్మరికి ఒకరు చెప్పాలా? పానా గీతలు తాజాగా ఉన్నాయి. పానా కూడా అక్కడే దుమ్ములో పడి ఉంది. పక్కన, నేల మీద వెల్లకిలా పడుకున్న మనిషి వీపు గుర్తు, పగిలిన చేతిగాజు ముక్క ఒకటి.

చెప్పేద్దామనుకుంది. నేనే విప్పాను బసవయ్యా, నీ పని తప్పు కాదు అని. నోరు తెరిచింది గాని, ఎందుకు విప్పావంటే ఏం చెప్పాలి? ఆ మాట చెన్నమ్మ ముందు చెప్పే మాటా?

"ఏంరా, నిద్రపోయావా?" అంది చెన్నమ్మ.

బసవయ్య బయటికి వచ్చాడు. కోపం ఎక్కడో పారేసుకొచ్చిన మొహంతో వచ్చాడు. కృపామణి వంక ఒకసారి చూశాడు. ఆమె చీర కొంగుకి అంటిన నల్ల జిడ్డు మరక ఇంకా పోలేదు. ఉతికినా పోదది. తల దించుకుని తువాలుతో చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకున్నంతసేపూ తుడుచుకున్నాడు.

"తప్పు నాదే అవ్వా," అన్నాడు. "పచ్చి చెక్క వేశా."

"పచ్చి చెక్కా? మీ నాయన దాచిందని చెప్పుకున్నావు గదరా!"

"అదనుకుని ఇంకోటి తెచ్చా. పచ్చి తుమ్మ. ఆరేకొద్దీ కుంచించుకుపోద్ది, నట్టు వదులవుద్ది. ఎన్నిసార్లు బిగించినా ఇంతే."

"థూ నీ పని పాడుగాను. మీ నాయన వింటే కొలిమిలో తల పెట్టేవాడు. మరి ఎప్పటికి ఆరుద్దిరా అది?"

బసవయ్య మెట్టు వంక చూశాడు. రాయి కంటే గట్టిదని తను మోగించి చూపించిన చెక్క.

"ఇప్పట్లో ఆరదవ్వా," అన్నాడు.

పానాని తువాలుతో తుడిచి కృపామణికి అందించాడు. మెట్టు మీద పెట్టలేదు, చేతిలోనే పెట్టాడు. పోతూ పోతూ తనలో తను ఏదో గొణుక్కున్నాడు. చెడ్డపేరు ఊరికే మోయటం ఎవరికీ తేలిక కాదు, కమ్మరికి అసలు కాదు.

చెన్నమ్మ ఇంకా తిడుతూనే ఉంది. తిట్లు అయిపోయాక పని గుర్తొచ్చింది. మెట్టు వంక చూసింది, నేల వంక చూసింది. నిట్టూర్చి చేతికర్రని చంకలో పెట్టుకుని కుడిచేయి పైకి చాపింది.

"సరే, ఏం చేస్తాం. మందుకి అంటేందిలే. చేతిలో పెట్టు."

కృపామణి తలుపులో గొంతుక్కూర్చుని వంగి, పచ్చబిళ్ల పొట్లం ఆ గరుకు అరచేతిలో పెట్టింది. ఆ తరవాత మణికట్టు పట్టుకుంది.

"ఇయ్యాల జ్వరం లేదే నాకు," అంది చెన్నమ్మ.

"ఉండండి అవ్వగారూ, చూస్తున్నాను," అంది కృపామణి.

జ్వరం లేదు. చేయి చల్లగా ఉంది. అయినా ఆమె చూస్తూనే ఉంది.